నీలిమందు తొట్టి

వెంకటరత్నమ్మ పేట బావిలోకి చేద వదలబోతుంటే సుల్తాన్ బీ తాడు పట్టేసుకుంది.

"ఇక్కడ తోడొద్దు వదినా. మీ రంగుల షెడ్డు పక్కన బావి ఉందిగా!"

"ఆ నీళ్ళు నోట్లో పెట్టుకునేట్టున్నాయా? నీకు తెలీదా?"

"తెలిసే అంటున్నా. ఆ షెడ్డు కాలవ నీళ్ళు తాగే మా గేదె చచ్చిపోయింది. రేపు ఈ బావీ అట్టాగే అవుద్ది. ఆ రంగు వదిలేది నీ చేతులే గదా!"

మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా గోళ్ళ సందుల్లోంచి పోదు. వెంకటరత్నమ్మ ఖాళీ బిందెతో పనికి పోయింది.

ఈపురుపాలెం శివారులో ఆ అద్దకం షెడ్డు బ్రహ్మయ్యది. ముదురు నీలం నూలు ఎంత అద్దినా మద్రాసు షావుకార్లు కొనుక్కుపోతున్నారు. రోజుకు రెండు రూపాయల కూలికి ఆమె అక్కడ రంగులో ముంచిన నూలు కట్టలు, చిలపలు, జాడిస్తుంది. ఇంట్లో మొగుడు వీరాస్వామి మగ్గానికి నూలిచ్చేదీ బ్రహ్మయ్యే. కాలవలోకి రంగు నీళ్ళు వదలనివ్వొద్దని పేటవాళ్ళు బాపట్ల వెళ్ళి అర్జీ పెడితే ఒక ఆఫీసరు వచ్చాడు. షెడ్డులో సోడా తాగి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి మురుగు తొట్టి నిండింది.

"రత్తమ్మా, తూము తియ్యి!" బ్రహ్మయ్య కేకేశాడు.

ఆమె గట్టు దిగి తూము చెక్క మీద చెయ్యి వేసి ఆగిపోయింది. కింద కాలవలో పేట ఆడవాళ్ళు అడ్డంగా కూర్చుని ఉన్నారు. ముందు వరసలో సుల్తాన్ బీ.

"కాలవలో మనుషులున్నారండి."

"నీళ్ళు వస్తే వాళ్ళే లేస్తారు. తియ్యి."

"కాస్టిక్ సోడా నీళ్ళండి. ఒళ్ళు కాలుద్ది."

"నీ మొగుడికి రేపు నూలు కావాలా, వద్దా?"

రేపు పొద్దున నూలు లేని మగ్గం ముందు వీరాస్వామి ఏం చేస్తాడో వెంకటరత్నమ్మకు తెలుసు. తిట్టడు. గోడకేసి తిరిగి పడుకుంటాడు. అదే భరించలేదు.

"నేను తియ్యనండి," అంది. మళ్ళీ అంది, "తియ్యను."

బ్రహ్మయ్య పంచె ఎగ్గట్టి గట్టు దిగుతున్నాడు. ఆమె తూము చెక్కకు వీపానించి కూర్చుండిపోయింది. కాలవలోని ఆడవాళ్ళెవరూ ఆమెను తమ వైపు రమ్మనలేదు. షెడ్డులో పని ఆగలేదు. పైనుంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. నిండిన తొట్టి అంచు దాటి, నీలంగా, వేడిగా, ఆమె భుజాల మీదికి కారసాగాయి.