ఈస్టర్ కొమ్మలు

మా అమ్మాయి సిగ్నె గట్టిగా ఊదితే ఊపిరి బలం కొలిచే గొట్టం మీది ఎర్ర ముల్లు రెండు వందల అరవై దాకా జరగాలి. సోమవారం ఉదయం రెండు వందల ముప్పై దగ్గర ఆగింది. మంగళవారం రెండు వందల పది. బుధవారం మూడుసార్లు ఊదించాను. మూడుసార్లూ నూట తొంభై దాటలేదు.

"గట్టిగా ఊదడం లేదు నువ్వు."

"ఊదుతున్నానమ్మా! అంకె నీకు నచ్చకపోతే నన్నంటావేం?"

తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగో ఏట నుంచి ఉబ్బసం. ఇంట్లో తివాచీలు అప్పుడే తీసేశాను. దుప్పట్లు వారం వారం మరుగుతున్నంత వేడినీళ్ళలో ఉతుకుతాను. తలగడలకు దుమ్ము పురుగులు చొరబడని గలేబులు కుట్టించాను. పిల్లినీ ఇచ్చేశాను. ఇంత చేశాక ఈ చలికాలం క్రిస్మస్ నుంచి పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. రోజూ రెండు పూటలా పీల్చాల్సిన నారింజ రంగు ఇన్‌హేలర్‌ని ఫిబ్రవరిలో ఒక పూటకు తగ్గించి, ఆ నెలాఖరుకే మానేశాను. బాగున్న పిల్లకు మందెందుకు అనుకున్నాను. డాక్టరును అడగలేదు. గనిలో పని చేసే మా ఆయన యెర్కర్ రెండు వారాలకోసారి ఇంటికి వస్తాడు. ఆయనకూ చెప్పలేదు.

మా అత్తగారు గున్వర్ అంతకు ముందు శనివారం, ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు, బస్సులో దిగింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పత్రికల్లో చుట్టిన బిర్చ్ చెట్టు కొమ్మల మోపు. ఈస్టర్ అలంకరణకని ఏటా తన పెరట్లో కోసుకొస్తుంది. పోయినేడు ఈస్టర్ నాటికి కొమ్మలు మోడుల్లాగే ఉండిపోయాయని ఈసారి మూడు వారాల ముందే కోసి, తన వంటింట్లో నీళ్ళలో పెట్టి తెచ్చింది. అప్పటికే మొగ్గలు విచ్చుకుని, చివర్ల నుంచి చిన్న చిన్న తోకల్లాంటి పూగుత్తులు వేలాడుతున్నాయి.

"ఎలా ఉన్నాయ్?" అంది గర్వంగా.

నిజంగానే అందంగా ఉన్నాయి. ముందు గదిలో సోఫా పక్కన బల్ల మీద పెద్ద జాడీలో పెట్టాం. వాటికి రంగు ఈకలు కట్టడం ఆనవాయితీ. పక్షి ఈకలు సిగ్నెకు పడవేమోనని నేను పసుపు రంగు కాగితంతో ఈకలు కత్తిరించి సిద్ధంగా ఉంచాను.

"ఈకలూ కాగితానివేనా? ఆదివారం కోడిని కూడా కాగితంతోనే వండుతావా అమ్మాయ్?"

"మీరు నంజుకుంటానంటే వండుతా అత్తయ్యా."

ఆవిడ నవ్వింది. నేను రోజూ జాడీలో గోరువెచ్చని నీళ్ళు మార్చాను. రోజూ ఉదయం నీలం బల్లగుడ్డ మీద సన్నగా పసుపు పొడి కనిపించేది. చవక కాగితం, రంగు ఊడుతోంది అనుకుని పొడిగుడ్డతో తుడిచేదాన్ని.

బయట మోకాలి లోతు మంచు. రేడియోలో పుప్పొడి సంగతులు చెప్పేటప్పుడు దేశానికి దక్షిణం కొసన ఉన్న ఊళ్ళ పేర్లే వస్తున్నాయి. మా వైపు చెట్లు పూయడానికి ఇంకా నెలపైనే ఉంది. అందుకని నేను వేరేవి వెతికాను. అత్తగారి ఉన్ని కోటుకు ఆవిడ ఇంటి కుక్క వెంట్రుకలు అంటుకుని ఉంటాయని దాన్ని బయట వసారాలో తగిలించాను.

"నన్ను కూడా అక్కడే తగిలించకపోయావా," అంది గున్వర్.

పొయ్యి వెనక తుడిచాను. పుస్తకాల అర ఖాళీ చేసి తుడిచాను. ఎంత తుడిస్తే అంత దగ్గు.

ఈస్టర్ ముందు గురువారం మా వైపు పిల్లలు ముసలి మంత్రగత్తెల వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి, బొమ్మలిచ్చి మిఠాయిలు తెచ్చుకునే రోజు. సిగ్నె బుధవారం నుంచీ నా వెంట పడింది.

"దగ్గుతుంటే ఎలా వెళ్తావే?"

"మంత్రగత్తెలకు దగ్గు రాదా ఏంటి? ముసలాళ్ళే కదా! ఇంకా బావుంటుంది."

"దానికున్న తెలివి నీకు లేదమ్మాయ్. పంపు," అంది గున్వర్.

పంపాను. తలకు గళ్ళ రుమాలు, బుగ్గల మీద ఎర్ర చుక్కలు. రెండు గంటలు ఆ చలిలో తిరిగి వచ్చింది. ఒక్క దగ్గు లేదు. మిఠాయిల గిన్నె నేల మీద బోర్లించి, నల్లవి నాయనమ్మకు, మిగతావి తనకు అని పంచింది. సాయంత్రానికి మళ్ళీ ఈల వేసినట్టు ఊపిరి.

చలిగాలి పడలేదని తేల్చేశాను. కిటికీలన్నీ బిగించాను. కింద సందుల్లో తువ్వాళ్ళు చుట్టి పెట్టాను. ఇంట్లో అన్నిటికంటే వెచ్చగా ఉండేది ముందు గదే కాబట్టి అక్కడే సోఫా మీద పక్క వేసి పడుకోబెట్టాను. తలాపి వైపు బల్ల, బల్ల మీద జాడీ.

శుక్రవారం పొద్దున నూట యాభై. పదింటికి నూట ఇరవై. ఊదే గొట్టం మీద నూట ముప్పైకి కింద ఎర్ర రంగు పూసి ఉంటుంది. ఊపిరి ఆడనప్పుడు వాడే నీలం ఇన్‌హేలర్‌ను స్పేసర్ డబ్బాకు తగిలించి, పిల్ల నోటికి పెట్టి ఒక్కో నొక్కు నొక్కాను. ఒక్కో నొక్కుకు అయిదు శ్వాసలు లెక్కపెట్టాను. ఆరు నొక్కులయ్యాక కాసేపు తేరుకుంది. మళ్ళీ అంతే. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. మాట అడిగితే ఒక్కో పదమే పలుకుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. అరవై కిలోమీటర్లు రావాలన్నారు. దారి మంచు అన్నారు. పిల్లను కూర్చోబెట్టే ఉంచమన్నారు, మందు ఇస్తూనే ఉండమన్నారు.

"కిటికీ తియ్యవే. పిల్లకు గాలి కావాలి," అంది గున్వర్.

"చలి పడదు అత్తయ్యా."

"నిన్న బయట తిరిగితే బాగానే ఉంది కదే!"

"మీరు ఊరుకోండి!"

ఆ ఇంట్లో నేను ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదలు. ఆవిడ సోఫా అంచున కూర్చుని సిగ్నె పాదాలు పట్టుకుంది. నేను గడియారం చూస్తూ నొక్కుతున్నాను, లెక్కపెడుతున్నాను. అంతకు మించి నాకు చేతనైంది ఏమీ లేదు. పిల్ల భుజాలు పైకీ కిందకీ లేస్తున్నాయి. నా ఊపిరి తీసి ఇవ్వడానికి లేదు. కళ్ళతో నన్నే అడుగుతోంది. యాభై నిమిషాలు అలా అడిగింది.

అంబులెన్సులో వచ్చిన నర్సు పొడుగాటి మనిషి, తలుపులో వంగి వచ్చాడు. ముందు పిల్ల ముఖానికి మాస్కు పెట్టి మందు పొగ వదిలాడు. అది బుస్సుమంటుంటే తలెత్తి బల్ల వైపు చూశాడు. వేలితో బల్లగుడ్డ మీద గీశాడు. వేలికి పసుపు పొడి అంటింది.

"ఈ కొమ్మలు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయిక్కడ?"

"వారం. అది కాగితం రంగు."

"కాదమ్మా," అన్నాడు మెల్లగా. ఒక పూగుత్తిని వేలితో తట్టాడు. గాల్లో చిన్న పసుపు మేఘం లేచింది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను.

ఆసుపత్రిలో సాయంత్రానికి సిగ్నె ఊపిరి కుదుటపడింది. మంచం పక్కన కుర్చీలో గున్వర్ కోటు విప్పకుండానే కూర్చుంది. డాక్టరమ్మ వచ్చేసరికి ఏడుపు మొదలుపెట్టింది.

"నేనే తెచ్చానండీ. నా చేత్తో నేనే కోసి తెచ్చాను. కోడలు పాపం దుమ్ము రేణువు కూడా రానివ్వదు."

డాక్టరమ్మ ఆవిడ భుజం తట్టి, నా వైపు తిరిగింది. "కొమ్మలు ఒక కారణం. రోజూ పీల్చే మందు సరిగ్గా వాడుతుంటే ఇంత దూరం రాకూడదు. వాడుతోందా?"

వాడుతోందని చెప్పొచ్చు. అత్తగారు కొమ్మల పేరు మీద ఏడుస్తూనే ఉంది. మంచం మీద నుంచి సిగ్నె నన్నే చూస్తోంది. దానికి తెలుసు.

"ఫిబ్రవరిలో నేనే ఆపేశాను," అన్నాను. "బాగుందని."

గున్వర్ ఏడుపు ఆగిపోయింది. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"చాలామంది ఇదే చేస్తారు," అంది డాక్టరమ్మ. "ఆ మందు వల్లే బాగుంది. నీలంది మంట ఆర్పుతుంది, అంతే. మంట పుట్టకుండా చూసేది నారింజ రంగుదే. ఇవాళ్టి నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. ఇంకో నెలకు మీ వైపు చెట్లన్నీ పూస్తాయి. అప్పటికి ఊపిరితిత్తులు కాస్త నెమ్మదించాలి."

"అప్పుడు ఏం చేయాలి?"

"మందు మానకూడదు. అలర్జీ మాత్రలు రోజూ ఇవ్వాలి. బయట నుంచి రాగానే తల కడగాలి, బట్టలు మార్చాలి. ఉతికినవి బయట ఆరేయకండి. పూత అయిపోయాక పుప్పొడికి ఒంటిని అలవాటు చేసే చికిత్స మొదలుపెడదాం. అది మూడేళ్ళు."

"ఈ ఏడు?"

"ఈ ఏడు ఎలా ఉంటుందో చూడాలి."

ఆదివారం మధ్యాహ్నం, గని నుంచి వచ్చిన యెర్కర్ కారులో ఇంటికి బయల్దేరాం. ఈస్టర్ భోజనం ఊసు ఎవరూ ఎత్తలేదు. సిగ్నె నా ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది. గున్వర్ ముందు సీటు నుంచి అంది:

"మా పెరట్లో చెట్టు కొట్టించేస్తాను."

"వద్దు అత్తయ్యా. ఒక చెట్టు కొట్టిస్తే ఏమవుతుంది?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. నేనూ చూశాను. దారికి రెండు పక్కలా మంచులో తెల్లటి బిర్చ్ మొదళ్ళు, ఒకదాని వెనక ఒకటి, కొండ మీదకు ఎక్కి అవతలికి దిగిపోతున్నాయి. ఆవిడ పెదవులు కదిలాయి. లెక్కపెడుతోందేమో. కాసేపటికి ఆపేసి కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుంది.

ప్రతి కొమ్మకూ చివర చిన్న ముడి. బిగుతుగా, గోధుమ రంగులో, ఇంకా మూసుకునే ఉంది. యెర్కర్ హీటరు పెంచాడు. సిగ్నె వీపు మీద చెయ్యి వేసి, అది పైకి లేచి మళ్ళీ దిగేదాకా ఆగి, ఇంకోసారి లేస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.