వెచ్చదనం ఎవడబ్బ సొత్తు

పొత్తిళ్లలోని పసిగుడ్డును మూటలా ఎత్తి, గాజు షెడ్డు బయట బల్ల మీద పెట్టేసి వచ్చాడు సూపర్‌వైజర్. బాయిలర్‌లో బొగ్గు వేస్తున్న బొగ్గక్క అది కళ్లారా చూసింది. ఆ పసిగుడ్డు ఆమె చెల్లెలి కూతురు.

టమాటా తీగలు కట్టే చెల్లెలు అతని కాళ్లావేళ్లా పడింది. "ఇంట్లో నీళ్లు గడ్డకడుతున్నాయి సార్. మొక్కల కింద ఓ మూల పడుంటుంది."

"ఇవాళ నీ పిల్ల, రేపు ఊరంతా. ఇదేమన్నా సత్రమా? పిల్లనెత్తుకుని ఇంటికి పో. మళ్లీ పనికి రాకు."

సూర్యుడు మసకబారడం మొదలై ఏళ్లు గడిచాయి. మిట్టమధ్యాహ్నం కూడా ఆరిపోయే నిప్పుకణికలా ఉంటాడు, కళ్లు చికిలించకుండానే చూడొచ్చు. దండెం మీది బట్టలు ఆరవు, కర్రల్లా బిగుసుకుంటాయి. పొలాల్లో గింజ మొలవక రైతులంతా గాజు షెడ్లలో కూలీలయ్యారు. షెడ్ల లోపల దీపాలు, వేడినీటి పైపులు, పచ్చటి తీగలు. షెడ్లూ బొగ్గు గనీ ఓనరువే. కూలీల గదులకు మాత్రం గుప్పెడు బొగ్గు లేదు.

ఆ చలికి పిల్ల పాలు తాగడం మానేసింది. ఓ పొద్దున ఏడవడం కూడా మానేసింది. బొగ్గక్క వెళ్లేసరికి చెల్లెలు దాన్ని గుండెకు అదుముకునే ఉంది.

"ఒళ్లు వెచ్చగానే ఉందక్కా, చూడు."

బొగ్గక్క చెయ్యి పెట్టి చూసింది. ఆ వెచ్చదనం తల్లిది.

నేల రాయిలా గడ్డకట్టింది. అంత చిన్న గుంత తవ్వడానికి మగవాళ్లు వంతులు వేసుకోవలసి వచ్చింది. మట్టి కప్పాక ఎవరూ కదల్లేదు. దీపాలు బిగించే కుర్రాడు గునపం విసిరికొట్టాడు.

"బాయిలర్ ఆర్పేద్దాం! వాడి పంటంతా నాశనమైపోవాలి!"

"ఆర్పితే రేపు మట్టి తింటావురా?" అన్నాడు పైపులు బిగించే తాత. "ఊళ్లో పచ్చగా ఉన్నది అదొక్కటే."

"సూర్యుడే చల్లబడుతుంటే ఓనరేం చేస్తాడు? మన ఖర్మ" అంది వెనక నుంచి ఒకామె.

బొగ్గక్కకు ఒళ్లు మండిపోయింది. "సూర్యుడు వాడికీ మనకీ ఒకేలా తగ్గాడమ్మా. వాడి టమాటాకున్న వెచ్చదనం మన పిల్లకెందుకు లేదు? బొగ్గు తవ్వేది నీ తమ్ముడు. పైపు బిగించేది తాత. మంట వేసేది నేను. ఆ వెచ్చదనం ఎవడబ్బ సొత్తు? మంట ఆర్పొద్దు, పనీ ఆపొద్దు. పిల్లల్తో, ముసలాళ్లతో లోపలికి పోదాం. పోయి బయటికి రావొద్దు!"

ఆ గుంత దగ్గర నుంచే బయల్దేరి, దారిలో గదుల్లోంచి పిల్లల్ని, ముసలాళ్లను వెంటబెట్టుకుని షెడ్డుకు చేరారు.

చాపలు, దుప్పట్లు, చంకల్లో పిల్లలు. సూపర్‌వైజర్ ఈల ఊదుతూనే జనంలో కొట్టుకుపోయాడు. "తలుపెయ్యండర్రా! విప్లవమైనా సరే, వేడి పోతే ఊరుకోను!" అని తాత అరుస్తుంటే నవ్వులు లేచాయి. ముసలివాళ్లు పైపులు తడిమి ఏడ్చారు. "అమ్మా, నా మొహం మీద నీళ్లొస్తున్నాయి" అని భయపడింది ఒక పిల్ల. పుట్టి బుద్ధెరిగాక దానికి చెమట పట్టడం అదే మొదలు.

చెల్లెలు గుమ్మం దాటలేదు. "ఇప్పుడు నాకెందుకక్కా?" అని బయటే బాయిలర్ గోడకు ఆనుకుని కూర్చుంది.

సాయంత్రానికి పోలీసులను వెంటబెట్టుకుని ఓనరు వచ్చాడు. "బాయిలర్ ఆర్పండి. చలికి వాళ్లే బయటికొస్తారు."

"పంట పోతుంది సార్" అని నసిగాడు సూపర్‌వైజర్.

"పోనీ."

ఆ మాట గాజు గోడల లోపలిదాకా వినిపించింది. ఖర్మ అన్నామె కూడా లేచి నిలబడింది.

బొగ్గక్క బాయిలర్ ముందు పార అడ్డం పెట్టి ముందున్న పోలీసుతో అంది: "ఈ మంట ఆరితే లోపల పిల్లలు చస్తారు. మీ ఇంట్లో వెచ్చగా ఉందా, అన్నా?"

అతను తల దించుకున్నాడు. పక్కవాడి లాఠీ మాత్రం ఆగలేదు. ఆమె నుదురు చిట్లింది, పార కింద పడింది. ఈడ్చుకుపోతుంటే వెనక బొగ్గు పడిన చప్పుడైంది. పార చెల్లెలి చేతిలో ఉంది. ఆమెను పట్టుకుంటే ఖర్మ అన్నామె అందుకుంది. ఆమెను లాగేస్తే తాత.

"ఎంతమందిని ఎక్కిస్తార్రా? వ్యాన్ చాలదు!" అని షెడ్డులోంచి కేకలు.

పక్క షెడ్ల గేటు దగ్గర వ్యాన్ నెమ్మదించింది. కూలీలు రోడ్డంతా నిండి ఉన్నారు. "ఏం జరిగిందక్కా?"

బొగ్గక్క కంటి మీది నెత్తురు తుడుచుకుని ఊచల్లోంచి అరిచింది: "లోపలికి పొండి! పిల్లల్ని తీసుకుని లోపలికి పొండి!"

పక్కన చెల్లెలి రవిక పాలతో తడిసిపోయింది. పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అక్క ఆమెను ఒళ్లోకి లాక్కుంది. బయట గేటు మీద వందల చేతులు పడుతున్నాయి.