మూడు నిమిషాల నలభై సెకన్లు

ఉకై సదహారు తయారు చేసిన సైకిలుని విడదీయడం ఈ భూమ్మీద ఒక్క మనిషికే బాగా వచ్చు. ఆ మనిషి ఆయన భార్య మినెకో. అందులో ఏదో తిరకాసు ఉందన్న సంగతి ఆయనకి తెలియదు. తెలియవలసిన మినెకో కూడా, తిరకాసు తన చేతుల్లో ఉందనే ఆరేళ్ళుగా అనుకుంటూ వచ్చింది.

సకాయ్ ఊరి పాతవీధిలో వాళ్ళకి ముందు పనిశాల, వెనక ఇల్లు. సదహారు తాత వంటకత్తులు కొట్టేవాడు. తండ్రి సైకిలు గొట్టాలు అతికేవాడు. ఆ ఇంట్లో పని చెడితే చేతిని అనేవారు గాని వస్తువుని అనేవారు కాదు. మినెకో కొత్త కోడలుగా వచ్చిన వారంలోనే ముల్లంగి తరుగుతుంటే కత్తి జారింది. అత్తగారు కత్తివైపు చూడలేదు. కోడలి మణికట్టు వైపు చూసి, "మెల్లగా అలవాటవుతుందిలే" అంది. ఆ మాట మినెకో మనసులో అలా ఉండిపోయింది. డబ్బా మూత రాకపోయినా, తలుపు పట్టేసినా, ముందు తన చేతులవైపే చూసుకునేది.

ఎనిమిదేళ్ళ కిందట ఇద్దరూ వకయామా సముద్రం ఒడ్డున సైకిళ్ళు తొక్కడానికి వెళ్ళారు. సైకిలుని రైలెక్కించాలంటే విప్పి సంచిలో పెట్టాలి. హ్యాండిలు కొస బయటికి కనబడినా గేటు దగ్గర ఆపేస్తారు. సదహారు తన సైకిలు విప్పుకుని, తరవాత ఆమెది విప్పాడు. మినెకో ఆయన టోపీ పట్టుకుని పక్కన నిలబడింది. రెండు సంచులూ ఆయనే మోశాడు. రైల్లో కూర్చున్నాక చెమట తుడుచుకుంటూ, నీ చేతులతో నువ్వే విప్పుకుని, నువ్వే మోసుకునే సైకిలొకటి చేస్తానన్నాడు.

"చేస్తే చెయ్యండి గాని, మీది మొయ్యడం కూడా నాకే అంటగడతారేమో," అంది మినెకో.

చక్రాలు ఊడే సైకిళ్ళు ఎన్నో ఉన్నాయి. ఫ్రేమే రెండు ముక్కలై, ఏ పనిముట్టూ లేకుండా విడిపోయి, ఒక మడిచిన పరుపు పాటి సంచిలో ఇమడాలని ఆయన పట్టుదల. రెండేళ్ళు కీలు దగ్గరే గడిచిపోయాయి. చివరికి ఒక గొట్టం కొస గరాటులా సన్నబడేట్టు, రెండో గొట్టం దాన్ని మింగేట్టు చేశాడు. పైన ఒక రింగు బిగిస్తే చాలు. బిగించాక ఆ అతుకులో వెంట్రుక కూడా దూరదు. తొక్కుతుంటే చప్పుడు లేదు, ఊగడం లేదు. ఆ రోజు సదహారు భోజనానికి రాకుండా ఆ కీలుని గోటితో తడుముతూ కూర్చున్నాడు.

పరీక్ష చేసేది మినెకో. ఆమె గుమ్మం దగ్గర వెలుతురు కోసం ఆయనకి వీపు పెట్టి కూర్చునేది. ఆయన కళ్ళు స్టాప్‌వాచీ మీద ఉండేవి. మొదటిరోజు రింగు వదులు చేసి లాగితే కీలు రాలేదు. మళ్ళీ లాగింది. రాలేదు. వెనకనించి గడియారం టిక్కుటిక్కుమంటోంది. మినెకో సిగ్గుపడింది. మోకాలు పెడళ్ళు బిగించే చోట ఆనించి, వెనక భాగాన్ని కొంచెం మెలితిప్పి గుంజితే టక్కుమని ఊడివచ్చింది.

"ఎలా ఉంది?" అని అడిగాడాయన.

"సులువుగానే ఉందండీ," అంది.

ఆ మాట అబద్ధమని ఆమెకి తోచలేదు. తన మణికట్లలో బలం లేదు కాబట్టి మోకాలు సాయం పట్టవలసి వచ్చింది, అంతే. ఆ తరవాత వారానికి రెండుసార్లు చొప్పున విప్పి కట్టింది. ఆరు నిమిషాలు ఐదయ్యాయి, ఐదు నాలుగయ్యాయి. మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఆగింది. మోకాలు ఎప్పుడు వెళ్తోందో, చెయ్యి ఎప్పుడు మెలితిరుగుతోందో ఆమెకే తెలియకుండా పోయింది. పక్కింటి తజు అప్పాలమ్ముతూ తొంగి చూసి, "మీ ఆయన సైకిలుని ముక్కలు చేస్తాడు, మా ఆయన సైకిలెక్కి మూతి ముక్కలు చేసుకుంటాడు. నీ బతుకే నయమే," అని నవ్వేది.

నాలుగేళ్ళ కిందట సదహారు చూపు నడిమధ్యలో మచ్చ పడింది. పక్కలు కనిపిస్తాయి, చూడదలచుకున్నదే కనిపించదు. డాక్టరు ఉన్నది నిలిస్తే అదే పదివేలన్నాడు. అది నిలవలేదు. ఆయన కొత్త పనులు ఒప్పుకోవడం మానేసి, ఉన్న ఒక్క సైకిలునే తడుముతూ మెరుగులు దిద్దుకున్నాడు. మినెకో విప్పుతుంటే కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. టక్కుమన్నప్పుడు తల ఊపేవాడు.

ఈ వసంతంలో ఒక సైకిళ్ళ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డిజైను తీసుకుని వేలల్లో తయారు చేయాలని ఉందట. ఒకటే షరతు. ఆ సైకిలుని ఎప్పుడూ చూడని ఆడమనిషి ఎవరైనా, ఒక కాగితం మీది సూచనలు చదువుకుని, స్టేషన్ ముందు దాన్ని విప్పి, సంచిలో సర్ది, ఇరవై నిమిషాల్లో రైలందుకోవాలి. వాళ్ళు తీసుకుంటే మిగతాది వాళ్ళ యంత్రాలు చూసుకుంటాయి. తీసుకోకపోతే ఎనిమిదేళ్ళ పనీ ఆయన కళ్ళతోపాటే పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనుకోలేదు.

సూచనల కాగితం రాసింది మినెకోయే. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆరో అంకె దగ్గర, 'రింగుని అర చుట్టు వదులు చేసి, వెనక భాగాన్ని మీ వైపు లాగండి' అని రాసి, కలం ఆపింది. మోకాలి సంగతి రాయాలా? వచ్చేది పడుచుపిల్ల అయి ఉంటుంది, చేతుల్లో సత్తువ ఉంటుంది. తన చేతకానితనాన్ని ఆయన పేరున్న కాగితం మీద ఎందుకెక్కించాలి? ఏడో అంకె వేసింది.

శనివారం ఉదయం స్టేషన్ ముందుకి కంపెనీ సెక్షన్ పెద్ద హతకెద వచ్చాడు. వెంట కుసునొకి అనే అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, మాస్టారూ, తప్పు చేస్తే మన్నించాలి అని వంగి మొక్కి పని మొదలుపెట్టింది. రైలు పది నలభై రెండుకి.

చక్రాలు ఒక్క నిమిషంలో ఊడాయి. హ్యాండిలు తిరిగింది, పెడళ్ళు వచ్చాయి. హతకెద మెచ్చుకోలుగా గొంతులో శబ్దం చేశాడు. సదహారు అక్కడ ఆపి ఉంచిన సైకిళ్ళ వరస పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదవుల మీద చిన్న నవ్వు. కుసునొకి ఆరో అంకె చదివి రింగు వదులు చేసి లాగింది. మళ్ళీ చదివింది. లాగింది. కాగితం తిరగేసి వెనక ఏమైనా ఉందేమో చూసింది. గేటు పైన గడియారం కదులుతోంది. అమ్మాయి వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి.

మినెకో ఆ వేళ్ళని చూసింది. కుదురైన, బలమైన వేళ్ళు. మణికట్టు తన మణికట్టుకి రెండింతలుంది. ఆ చేతులకీ రాలేదంటే, తిరకాసు చేతుల్లో లేదు.

సదహారు ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. టక్కుమనే చప్పుడు కోసం తల కొంచెం వంచి వింటున్నాడు.

పక్కవాళ్ళు సాయం పట్టకూడదని ముందే అనుకున్నారు. అయినా మినెకో వెళ్ళి, "ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా," అని కూర్చుంది. మోకాలు ఆనించింది, మెలితిప్పి గుంజింది. టక్కుమంది. సదహారు తల ఊపాడు.

"ఓహో, మోకాలు పెట్టాలన్నమాట," అన్నాడు హతకెద మర్యాదగా.

సదహారు కళ్ళు తెరిచాడు.

పది నలభై రెండు వచ్చి వెళ్ళింది. హతకెద ఎంతో నొచ్చుకుంటూ మాట్లాడాడు. ఇంత అందమైన కీలు తాను చూడలేదన్నాడు. నిర్ణయం తీసుకునే సమావేశం శుక్రవారమనీ, ఈలోగా సులువుగా విడే కీలు చూపించగలిగితే తన శక్తికొద్దీ చెబుతాననీ అన్నాడు. కుసునొకి తన చేతకానితనానికి మూడుసార్లు క్షమాపణ చెప్పుకుంది. మినెకో ఆ మాట వినలేక తల తిప్పుకుంది.

వాళ్ళు వెళ్ళాక భార్యాభర్తలు స్టేషన్ ముందు బల్ల మీద కూర్చున్నారు. మినెకో ఫ్లాస్కులోంచి బార్లీ టీ పోసి ఇచ్చింది. ఆయన తాగలేదు.

"ఎప్పణ్ణించీ?"

"మొదటిరోజు నించీ."

"చెప్పలేదేం?"

"నా చేతులే అనుకున్నానండీ."

సదహారు టీ కప్పు బల్ల మీద పెట్టాడు. కోపం లేకుండానే చెప్పాడు. గరాటు వాలు రెండు డిగ్రీలు ఎక్కువుంటే చిన్నపిల్ల లాగినా వచ్చేదట. అప్పట్లో అయితే నాలుగు రోజుల పని.

అప్పట్లో ఆయనకి కళ్ళున్నాయి. ఆ మాట ఆయన అనలేదు.

వీధిలో ఇనుము కోసే లేతు మిషన్ల కొట్లు ఒకటొకటిగా ఎప్పుడో మూతబడ్డాయి. మిగిలిన ఒక్కాయన రెండు వారాలయితే గాని కుదరదన్నాడు. కొత్త గరాటు కొస కొయ్యడానికి సోమవారం పొద్దున్నే సదహారు తన లేతు మీది గుడ్డ తీశాడు. కోత ఆయన వేళ్ళు చూసుకుంటాయి, కొలత మినెకో చదవాలి. కొలిచే పనిముట్టు పట్టుకోవడం, గీతలు లెక్కపెట్టడం ఆమెకి నేర్పాడు. ఎన్నడూ ఆమెని ఆ మిషను దగ్గరికి రానివ్వని మనిషి, భుజం ఆనుకునేంత దగ్గరగా నిలబెట్టుకున్నాడు.

మొదటి ముక్క సోమవారం సాయంత్రానికి పాడయింది. రెండోది మంగళవారం మధ్యాహ్నం. ఆ రకం ఉక్కు కడ్డీ ఇక ఒక్క ముక్కకే ఉంది. బుధవారం ఇద్దరూ అన్నం ముద్దలు నిలబడే తిన్నారు. ఆయన ముఖం పక్కకి తిప్పి, కంటికొసతో చూస్తూ కోస్తున్నాడు. మాటిమాటికీ ఆపి, ఎంత అని అడుగుతున్నాడు. ఆమె చెబుతోంది. ముప్పై, ఇరవై తొమ్మిదిన్నర, ఇరవై తొమ్మిది. రావలసింది ఇరవై ఎనిమిది అరవై, అంటే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల మీద వందలో అరవై వంతులు.

ఆయన ఊపిరి బిగబట్టి చివరి పొర తీశాడు. మిషను ఆగాక మినెకో కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

"ఎంత?"

అరవై అంటే చాలు. ఆయన తల ఊపుతాడు. ఈ పూట హాయిగా భోంచేస్తాడు. అతికి, బిగించి, అందరి ముందూ తొక్కినప్పుడు కదా ఊగేది.

"ఇరవై ఎనిమిది యాభై నాలుగు," అంది.

"సరిగా చూశావా?"

"రెండుసార్లు చూశానండీ."

వెంట్రుకవాసి ఎక్కువ తెగింది, తీసిన ఉక్కుని మళ్ళీ అతికించలేరు. సదహారు ముక్కని విప్పి చేతిలోకి తీసుకున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. బొటనవేలితో దాని వాలు వెంట కొసదాకా తడిమాడు, మళ్ళీ మొదటినించీ తడిమాడు. వాలు మాత్రం సరిగ్గా కుదిరింది.

"ఇన్నాళ్ళకి చెప్పావు," అన్నాడు.

మినెకో చీపురు తీసుకుని, మిషను కింద రాలిన ఉక్కు పొట్టు ఊడవడం మొదలుపెట్టింది.