హేమశ్రీకి వినిపించిన కూత

విద్యాసాగర్ లెక్కలో కొలతకు అందనిది లేనట్టే. భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్ నగరం మళ్ళీ లేస్తున్న రోజుల్లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా వచ్చి, ఊళ్ళో పెద్ద పెద్ద బిల్డింగుల్లో వైరింగు తనిఖీ చేసినవాడు. కారు డిక్కీలో ఎప్పుడు చూసినా రకరకాల మీటర్లు ఉండేవి. పప్పులో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, దానికీ ఒక మీటరుంటే బాగుండునని నిజంగానే అనుకునే రకం. మనిషి చెడ్డవాడు కాదు. భార్య హేమశ్రీ అంటే ప్రాణం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే తర్వాత జరిగినదానికి ఎవరిని తిట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆ ఊళ్ళోనే రిక్కార్టన్ పేటలో సొంతిల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్న కొన్నాళ్ళకు, ఒక పొద్దున చాయ్ తాగుతూ హేమశ్రీ తల పక్కకు వంచింది.

"ఇగో, ఏదో కూస్తున్నది. మీకు వినవడ్తలేదా?"

"ఏం కూస్తున్నది?"

"సన్నగ. మస్తు సన్నగ. సూది లెక్క దిగుతున్నది చెవిలకు."

విద్యాసాగర్ కప్పు కింద పెట్టి విన్నాడు. ఫ్రిజ్జు గుర్రుమంటోంది. బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. అంతకుమించి ఏమీ లేదు. ఏళ్ళ తరబడి డ్రిల్లింగ్ మోతలో నిలబడి, యాభై దాటిన చెవులకు అలాంటి సన్నటి చప్పుళ్ళు అందవని సైట్లో కుర్రాళ్ళకు పాఠం చెప్పేది ఆయనే. ఆ పాఠం తన చెవులకూ వర్తిస్తుందని మాత్రం ఆయనకు తట్టలేదు.

హేమశ్రీ ఒక డేకేర్‌లో పిల్లలకు వంట చేస్తుంది. ఆ పిల్లల గోలలో హాయిగా ఉండేది, ఇంటికొచ్చి తలుపు వేస్తే కూత మొదలు. ఇటు తిరిగితే అటు నుంచి, అటు తిరిగితే ఇటు నుంచి వచ్చినట్టుండేది. తలనొప్పి పట్టుకుంది, నిద్ర కరువైంది. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం విద్యాసాగర్ నడుం బిగించాడు. భార్యను సోఫాలో కూర్చోబెట్టి, ఇంట్లో ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాడు. టీవీ, మోడెమ్, హీట్ పంపు, మైక్రోవేవు, ఫోను ఛార్జర్లు, ఆఖరికి ఫ్రిజ్జు. ఒక్కో స్విచ్చు ఆపడం, ఒక్కో కేక వెయ్యడం.

"ఇప్పుడు?"

"వస్తున్నది."

"ఇప్పుడు?"

"వస్తనే ఉన్నది."

ఇక మిగిలింది మెయిన్ స్విచ్చే. ఆయన బోర్డు తలుపు తీస్తుంటే హేమశ్రీ గబుక్కున లేచింది.

"మెయిన్ కట్టేయకండి. దీపమున్నది."

ఆయన కూడా నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ దీపానికో కథ ఉంది. గృహప్రవేశానికి నిజామాబాద్ నుంచి వచ్చిన ఆయన తల్లి లక్ష్మీబాయి, దేవుడి దగ్గర అఖండదీపం పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. కట్టె ఇల్లు. వత్తి వెలిగించి సాంబ్రాణి వేయగానే పొగ అలారం గీపెట్టింది. ముసలామె హడలిపోయి దేవుడికే కోపం వచ్చిందనుకుంది. మర్నాటికల్లా కొడుకు ఇత్తడి కుందిలో చిన్న ఎల్‌ఈడీ వత్తి అమర్చి, దానికి అడాప్టరు తగిలించి, అల్మరా వెనక ప్లగ్గులో పెట్టేశాడు. నూనె అక్కర్లేదు, గాలికి ఆరేది లేదు. లక్ష్మీబాయి మురిసిపోయి, తాను బతికున్నన్నాళ్ళూ అది కొండెక్కకూడదని కోడలి చేత చేతిలో చెయ్యి వేయించుకుని మరీ విమానం ఎక్కింది.

అది దేవుడి దీపం. ఫ్రిజ్జుతో, మైక్రోవేవుతో కలిపి దాన్ని లెక్కపెట్టాలని భార్యాభర్తల్లో ఏ ఒక్కరికీ తోచలేదు. ఆయన బోర్డు తలుపు మూసేశాడు. తర్వాత సైట్లో మోత కొలిచే మీటరు తెచ్చి గది మధ్యలో పెట్టి, అంకె చూపించాడు.

"లైబ్రరీలకన్న తక్కువున్నది సూడు. కరెంటుతోని నడిచేవన్నీ బంద్ చేసిన హేమా. ఇంక ఎక్కడికెల్లి వస్తది? నీ చెవులకెల్లే వస్తున్నది."

హేమశ్రీ ఆ అంకె వైపు చూసింది. ఇంజనీరు మాట, పైగా మొగుడి మాట. ఏమనగలదు?

డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఈ వయసులో చెవుల్లో హోరు చాలామందికి ఉంటుంది, కంగారు పడకండి అన్నాడా డాక్టరు. వినికిడి పరీక్ష చేసినావిడ మాత్రం చెవులు భేషుగ్గా ఉన్నాయని, ఈ వయసులో ఇంత బాగా వినేవాళ్ళను అరుదుగా చూస్తానని మెచ్చుకుంది. అదే మాట చాలు అసలు విషయం పట్టుకోవడానికి. కానీ విద్యాసాగర్ దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. చెవుల్లో లోపం లేదు, ఇంట్లో మోత లేదు, కాబట్టి అంతా మనసులోనే ఉందని తేల్చేశాడు.

ఇంతవరకైనా సర్దుకుపోయేదేమో. డిసెంబరు సెలవుల్లో స్నేహితుడు దామోదర్ ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కు పదిమంది చేరినప్పుడు, బిర్యానీ తింటూ విద్యాసాగర్ ఆ కథంతా ఎత్తుకున్నాడు. కరెంటు లేకుండా కూసే ఇల్లు మాదొక్కటే అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. హేమశ్రీ కూడా నవ్వింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కార్లో నెమ్మదిగా చెప్పింది.

"ఇప్పుడు వస్తలేదు. తగ్గింది."

"నేను చెప్పలేదా," అన్నాడు సంతోషంగా. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఆ తర్వాత కూత సంగతి ఆమె నోట మళ్ళీ రాలేదు.

జూలైలో, చలి ఎముకలు కొరికే రోజున, ఆస్పత్రిలో స్కాన్ తీసిన డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. కడుపులో గడ్డ. అది అక్కడితో ఆగకుండా కాలేయం దాకా పాకింది. కోసి తీసే దశ దాటిపోయింది. ఎంతకాలంగా నొప్పి ఉందని ఆమె అడిగితే, హేమశ్రీ చేతుల వైపు చూసుకుంటూ ఎండాకాలం నుంచి అని చెప్పింది. ఆ దేశంలో ఎండాకాలమంటే జనవరి. విద్యాసాగర్ దిమ్మెరపోయి భార్య మొహంలోకి చూశాడు. అన్ని నెలలు ఆ మనిషి పక్కనే పడుకున్నాడు, ఆమె వండింది తిన్నాడు, ఆమె బట్టలు వదులవుతుంటే సన్నబడ్డావని మెచ్చుకున్నాడు కూడా.

కారు పార్కింగులో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. బండి తీయలేకపోయాడు.

"నాకెందుకు చెప్పలే?"

హేమశ్రీ సీటు బెల్టు పెట్టుకుంది. "ఏమని చెప్పాలె? అది మీకు వినవడలే. ఇది మీకు కనవడదు. చెప్తే మళ్ళ ఏదో ఒకటి తెచ్చి పెట్టి, ఏం లేదంటరు. నలుగుట్ల చెప్పి నవ్వుతరు."

"అదీ ఇదీ ఒక్కటేనా హేమా?"

"నాకు ఒక్కటే అనిపిచ్చింది."

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, కాళ్ళమీద పడైనా తప్పు ఒప్పుకునేవాడు. అప్పటికీ ఆయన మనసులో ఒక మూల, ఆ కూత లేనే లేదు కదా అన్న వాదం మిగిలే ఉంది.

ఆ రోజు నుంచి ఆయన ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో మంచం వేశాడు. ఆమెకు సేవలో లోటు చేయలేదు. జ్వరం చూసేవాడు, బీపీ చూసేవాడు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టేవాడు. అంకెలు చూస్తే ఆయనకు కాస్త ధైర్యం. వారానికోసారి, ఆఖరి దశ రోగుల్ని చూసుకునే హాస్పిస్ నర్సు వచ్చి, పదికి ఎన్ని మార్కుల నొప్పి ఉందని అడిగేది. హేమశ్రీ ప్రతిసారీ రెండు అని చెప్పేది. నొప్పి ఉన్నదా అని ఆయన అడిగితే లేదనేది. అడిగిన ప్రతిసారీ లేదనే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, కొండల మీంచి వేడిగాలి విరుచుకుపడింది. ఎక్కడో చెట్టు తీగల మీద పడ్డట్టుంది, కరెంటు పోయింది. కళ్ళు మూసుకుని పడుకున్న హేమశ్రీ తల ఎత్తింది. మొహంలో ముడతలు విచ్చుకున్నాయి.

"ఆగింది," అంది తనలో తాను.

"ఏందది?"

ఆమె నాలుక కరుచుకుంది. కానీ ఇక దాచే ఓపిక లేదేమో. "ఆ కూత. ఎన్నడు ఆగలే అది. ఇయ్యాల్నే ఆగింది."

కాసేపటికి కరెంటు వచ్చి ఫ్రిజ్జు గుర్రుమని లేచింది. హేమశ్రీ మళ్ళీ కళ్ళు గట్టిగా మూసుకుంది. "వచ్చింది" అని ఆమె చెప్పకముందే ఆయన లెక్క మొదలుపెట్టాడు. ఫ్రిజ్జు ఆపినా ఆ రోజు వస్తోందంది. టీవీ ఆపినా, మోడెమ్ ఆపినా వస్తోందంది. ఇప్పుడు కరెంటు పోతే ఆగింది. అంటే ఆ రోజు ఆపనిది ఏదో ఉంది. ఆయన చూపు గోడల వెంట తిరిగి తిరిగి దేవుడి అల్మరా దగ్గర నిలిచిపోయింది. ఇత్తడి కుందిలో ఎర్రటి వత్తి మిణుకుమిణుకుమంటోంది.

లేచి వెళ్ళి, కుందిని కళ్ళకద్దుకుని, వెనక ప్లగ్గు లాగేశాడు.

"ఇప్పుడు?"

"లేదు."

మళ్ళీ పెట్టాడు. "ఇప్పుడు?"

"ఉన్నది."

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ఆయన చప్పుడు కాకుండా తీశాడు, పెట్టాడు, తీశాడు. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన చెవికి మాత్రం అడాప్టరును ఆనించి పెట్టుకున్నా ఏమీ వినిపించలేదు.

"ఇంక ఎన్నిసార్లు పరీక్ష పెడ్తరు?" అంది హేమశ్రీ అలసటగా.

ఆయన ప్లగ్గు కింద పెట్టేశాడు. తను చేసిన వస్తువు, తన చేత్తో పెట్టిన వైరు. దానితో ఏడాది పాటు భార్య చెవిలో సూది గుచ్చి, నీ మనసు బాగాలేదని ఊరందరికీ చెప్పాడు. వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నీకు వినవడ్డది నిజమే హేమా."

"నాకు తెలుసు."

"నేనే నమ్మలే."

"అది గూడ తెలుసు." ఆయన తల మీద చెయ్యి వేసింది. చెయ్యి తేలిగ్గా ఉంది, పిల్లల చెయ్యిలాగా. "అత్తమ్మకు చెప్పకండి, దీపం తీసేసినమని. బాధపడ్తది."

అప్పుడు ఆయన అడిగాడు, "నొప్పి ఉన్నదా?"

"లే..." అని మొదలుపెట్టి ఆగింది. ఆయన తొందర చేయలేదు.

"ఉన్నది," అంది.

తర్వాత చెప్పుకుంటూ పోయింది. డేకేర్‌లో పెద్ద గిన్నె ఎత్తుతుంటే మొదటిసారి కడుపులో కలుక్కుమన్నదట. వంగితే ఊపిరాడేది కాదట. దామోదర్ వాళ్ళతో బీచికి పోయిన రోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చిందట. ఇప్పుడు వెన్నులోంచి కాళ్ళలోకి దిగుతోందట, పక్కకు ఒత్తిగిల్లితే ప్రాణం పోతున్నట్టుందట. విద్యాసాగర్ ఒక్క మాటకూ అడ్డం రాలేదు. ఈ మాటలే జనవరిలో విని ఉంటే ఈ మనిషి బతికేదేమోనని ప్రతి మాటకూ అనిపిస్తూనే ఉంది. వినడం తప్ప ఇక చేయగలిగింది లేదు.

ఆమె అలసిపోయి ఆగాక, లేచి నర్సుకు ఫోన్ చేశాడు. నొప్పి చాలా ఎక్కువగా ఉంది, మందు పెంచాలి, ఇప్పుడే రండి అన్నాడు. మొన్న రెండే అన్నారు కదా, జ్వరం ఎంతుంది, బీపీ ఎంతుంది, చూశారా అని నర్సు అడిగింది.

"చూడలేదు," అన్నాడు విద్యాసాగర్. "ఆమె చెప్పింది."