మచ్చ పైకి

రాజ్యం పండు తుడిచి, మచ్చ ఉన్న వైపు కిందికి తిప్పి బుట్టలో పెడుతోంది. పక్కన అత్త అచ్చమ్మ, ఆ పక్కన మంగాయమ్మ. రంగూన్‌లో చిమిండైంగ్ బజారు వెనక, లింగరాజు షావుకారు గిడ్డంగిలో ఆడవాళ్ల పని ఇదే. చిన్ కొండల నుంచి వచ్చిన ఆపిల్ పళ్లు తుడవాలి. మెరిసేవి బుట్టల్లోకి, మచ్చలు మరీ ఎక్కువైనవి సంచుల్లోకి.

ఆ ఏడు సంచులే ఎక్కువ నిండుతున్నాయి.

తోట రైతు లియాన్ సరుకుతోపాటే లారీ దిగాడు. సైన్యం గద్దెనెక్కిన సంవత్సరం అది. దారి పొడవునా సోదాలు, కొండల్లో ఫోన్లు మూగపోయాయి. అవన్నీ దాటి వచ్చిన మనిషి గిడ్డంగి గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“ఇదంతా చెత్త,” అన్నాడు లింగరాజు బర్మాలో, సంచుల్ని కాలితో చూపించి. “రంగూన్ జనం చైనా పండు మరిగారు. పండంటే అద్దంలా ఉండాలి. నీ పండుకి అమ్మవారు పోసినట్టుంది. వీటికి దమ్మిడీ ఇవ్వను.”

“చలికాలంలో చలి రాలేదు, లింగరాజు గారూ. చలి తగలకపోతే చెట్టు నిద్రపోదు, పూత సరిగా రాదు. నిలిచిన కాయ మీద వడగళ్లు పడ్డాయి. రుచి మారలేదు, కోసి చూడండి. మా ఊరంతా దీని మీదే బతకాలి.”

షావుకారు కోసి చూడలేదు.

రాజ్యం తల వంచుకుంది. సాయంత్రం ఆ సంచులు లారీ ఎక్కి ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో జ్యూసు ఫ్యాక్టరీకి పోతాయి. ఎక్కించేది ఈ ఆడవాళ్లే. రైతుకు చెత్త, షావుకారుకు సరుకు.

అచ్చమ్మ చేతిలో గుడ్డ పడేసింది.

“ఒలె మంగాయమ్మా, సెత్తని లారీ మీద ఊరేగించీ ఊరు ఎక్కడేనా సూసావేటి?”

“ఊరుకో అప్పా, పని పోతాది,” గొణిగింది మంగాయమ్మ.

అచ్చమ్మ ఊరుకోలేదు. లియాన్‌కు బర్మాలో అంతా చెప్పేసింది. అతను వెళ్లి సంచుల పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వాదన రేగింది.

“ఆ కొండోడు మనకేటవుతాడప్పా?” అంది మంగాయమ్మ.

“ఏటీ కాడు. మచ్చ దాసింది మన సేతులే గదా. మన సేతుల్తోనే షావుకారు ఆడి పీక కోయిస్తన్నాడు.”

“షావుకారు మన తెలుగోడు. పండక్కి సీరలెడతాడు.”

“ఆ సీర కట్టుకొని అద్దంలో సూసుకోవే, నీ మీద మచ్చలేటైనా కనిపిస్తాయేమో!”

అందరూ నవ్వారు. అలసిన నవ్వు.

తిని లేచాక అచ్చమ్మను చూసి అందరూ పళ్లన్నీ మచ్చ పైకి తిప్పి పెట్టడం మొదలుపెట్టారు. రాజ్యం చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ కిందికే తిప్పింది. అత్త చూసింది. రాజ్యం సిగ్గుపడి మళ్లీ పైకి తిప్పింది. సాయంత్రం లారీ వచ్చినా సంచులు ఎవరూ ఎత్తలేదు.

“అన్నీ కలిపి తూకమెయ్యి, షావుకారూ. రైతుకి అన్నిటికీ ఇయ్యి. అప్పుడెక్కిస్తాం,” అంది అచ్చమ్మ.

నలుగురు గుమిగూడితే నేరమైన రోజులవి. షావుకారు కబురంపాడు, సిపాయిలు వచ్చారు. ముందున్నది ఎవరని అడిగితే లింగరాజు వేలు చూపించాడు.

“నానొచ్చీదాకా సంచి ముట్టకండి!” అని అరుస్తూనే అచ్చమ్మ వాళ్ల బండెక్కింది.

మర్నాడు పొద్దున్నే షావుకారు నుంచి కబురు. ఆడవాళ్లు పనిలోకి వస్తే సాయంత్రానికి ముసలమ్మ ఇంట్లో ఉంటుంది.

వానలో తడుస్తూ ఆడవాళ్లు రాజ్యం గుమ్మం ముందుకు వచ్చారు. “నీ అత్త. నువ్వెలాగంటే అలాగే,” అంది మంగాయమ్మ.

రాజ్యం భర్త హరి గోడకు చేరబడి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. “ఎల్లి సంచులెక్కించీ రాజ్యం. అమ్మకి ఆయాసం. ఠాణాలో ఆ తడి నేల మీద ఎన్నాళ్లుంటాది? కొండోడి పళ్ల కోసం నా తల్లిని సంపుకోమంతావా?”

రాత్రుళ్లు అత్త వీపు రాసేది రాజ్యమే. ఆ ఆయాసం ఎంతటిదో కొడుకు కన్నా తనకే ఎక్కువ తెలుసు. లేచి క్యారేజీలో అన్నం సర్దింది. మందు సీసా తీసింది. పెట్టె తెరిచి, మార్చుకోవడానికి బట్టలు, మందపాటి దుప్పటి మూట కట్టింది.

హరి ఆ మూట కేసి చూశాడు.

“సాయంత్రానికొచ్చీ మనిషికి దుప్పటెందుకే?”

గుమ్మంలో ఆడవాళ్లు తప్పుకొని దారి ఇచ్చారు. రాజ్యం మూట నెత్తిన పెట్టుకొని, గిడ్డంగి దారి వదిలి, ఠాణా వైపు వానలోకి దిగింది.