ఏడవనాఁటి టపా

చైత్రమాసము ముగియవచ్చుచుండెను. ప్రాగ్దిశాముఖమున సిందూరరేఖ యింకను బొడసూపక మున్నే సముద్రతీరమందలి యుప్పుమళ్లలో నిలిచిన క్షారజలము లేఁతవెలుఁగును బుచ్చుకొని వేయి యద్దములవలెఁ దళతళలాడుచుండెను. రాత్రియెల్ల నిశ్చలమైయున్న గాలి మెల్లన మేల్కొని మొగలిపొదల పరిమళమును దొంగిలించి మకరపట్టణ వీథులలో నింటింటివాకిటను విడిచిపోవుచుండెను. రేవున లంగరు వేసిన పడవల తెరకొయ్యలపై నీరుకాకులు రెక్కలార్చుకొనుచుండెను.

ఆ రేవువీథి మొదటఁ దాటియాకుల కప్పుగల యొక చావడి గలదు. జనులు దానిని టపాచావడి యందురు. మకరపట్టణ సంస్థానమున నుత్తరములు మోయు బంట్రోతు లార్వురు సూర్యోదయమునకుఁ బూర్వమే యచ్చటఁ గూడి సంచులు భుజములకుఁ దగిలించుకొని యాఱు త్రోవలం బోవుటయు నాదివారమునాఁడు మాత్రము చావడితలుపు మూసియుండుటయు నిరువదియేండ్లనుండి మాఱని యాచారము.

ఆ యార్వురిలోఁ దవిటినాయుఁ డనువాఁడు మిక్కిలి పేరుగన్నవాఁడు. ఎట్టి గొలుసుకట్టువ్రాఁతయైనను వాని చూపునకు లొంగవలసినదే. వానఁ దడిసి సిరా కాఱిన మేల్విలాసమును సయితము గుర్తించి యది చేరవలసిన గడపకే చేర్చువాఁడు. చదువురాని యిండ్లలో నుత్తరము నిచ్చుటయే గాక కూర్చుండి చదివి వినిపించుటయు వాని వాడుక. అందు దుర్వార్త యున్నచోఁ దొలుత గ్రుక్కెడు మంచినీ రడిగి త్రాగి యా యింటివారు మనస్సు చిక్కఁబట్టుకొనుటకుఁ గొంచెము వ్యవధి యిచ్చి యంతటఁ జదువ మొదలిడువాఁడు. వాని భార్య యసిరితల్లి యుప్పుమళ్లలోఁ గూలిపని చేయునది. ఆమె తెల్లవాఱకమున్నే పోయి యుప్పుతట్టలు మోసి చీఁకటిపడిన పిమ్మట నిలు సేరును. ఉప్పుమళ్లకు నాదివారమే సెలవు. కావున నా దంపతులు పగటివెలుతురున నొకరి మొగ మొకరు చూచుకొనుదినము వారమున కదియొక్కటియే యైయుండెను.

ఇట్లుండ నొక బుధవారమునాఁడు ప్రాతఃకాలమున నంచెదారు నరసింగరావు బంట్రోతులను సంచు లెత్తనీయక చావడిలో వరుసగా నిలువఁబెట్టి పొడుగైన కాకితము నొకదాని విప్పెను. నరసింగరావు టపాపనులకెల్ల నధికారి. దుష్టుఁడు గాఁడు గాని పైనుండి వచ్చినదానిని గ్రిందికిఁ బంపుటకంటె నధికమైన పని తనదికాదని నమ్మినవాఁడు.

"పొగయోడ యిఁకమీఁద శనివారము సాయంకాలమున రేవు చేరును. వర్తకులు తమ యుత్తరములు సోమవారముదాఁక నాఁగుట కొల్లకున్నారు. కావున నాదివారమును టపా పంచవలయునని దివాణమువారి యుత్తరువు. అందులకై మీ కొల్వునకుఁ గ్రొత్త యొడంబడిక వ్రాయఁబడినది. రానున్న యమావాస్యలోఁగా నందఱును వ్రాలు చేయవలయును" అని యాతఁడు పలికెను.

బంట్రోతులలోఁ బెద్దవాఁడు నూకన్న. ఏఁబదియేండ్లు దాఁటినవాఁడు. కుడిమోఁకాలు వాచి కుంటుచు నడచువాఁడు. తవిటినాయునకు బాల్యస్నేహితుఁడు. అతఁడు చేతులు జోడించి "అయితే బాబూ, ఆదోరం పన్జేత్తే మరో దినం సెలవిత్తారా?" అని యడిగెను.

అంచెదారు కాకితమును వెదకి "యథావకాశముగా ననియున్నది" యనెను.

"యథావకాశమంటే ఏ వారం బాబూ?"

అంచెదారు కాకితమును మఱియొకమాఱు చూచి యొక్కొక్క ప్రతిని వారిచేతులం బెట్టి లోనికిం బోయెను.

నాఁటినుండి యా యార్వురి మనస్సులు సుడిగుండమునఁ బడిన కొయ్యతెప్పలవలెఁ దిరుగఁజొచ్చెను. వ్రాలు చేయనివారు తమంతఁదాము కొలువు మానినట్లు లెక్కింపఁబడుదురని యొకఁడు వినివచ్చెను. వ్రాలు చేసినవారు నేఁడే చేరినవారగుదురనియు వారి పూర్వసేవ యంతయు నీటిపైవ్రాఁతయై పోవుననియు వేఱొకఁడు వినివచ్చెను. ఆదివారమనఁగా మధ్యాహ్నముదాఁక మాత్రమే యని సంతలో నొకఁడు చెప్పఁగా నాదివారముతోఁ బాటు పండుగలును బోవునని రేవులో మఱియొకఁడు చెప్పెను. వారు చెప్పిన మాట లేవియు గాకితమున లేవు. కాకితమున నున్నమాట లెవ్వరికిని దెలియవు.

ఆ యాదివారమునఁ దవిటినాయుఁడు తన యింటియరుఁగుపైఁ గూర్చుండి యా పత్రమును బదునాఱవ పర్యాయము చదువుచుండ నసిరితల్లి చాప యల్లుచు నోరగాఁ జూచి యిట్లనియె.

"ఊరందరి ఉత్తరాలూ సదివి సెప్తావు. మన ఉత్తరం సదివి సెప్పలేవేటి?"

"అచ్చరాలన్నీ తెలుస్తన్నాయే. ఏటి సెప్తన్నాదో తెల్దు. 'ప్రాఁత సేవకుల హక్కులు యథాతథముగా నుండును' అని మూడో మాట. 'పూర్వపు హక్కులన్నియు నీ పత్రముతోఁ బరిసమాప్తము లగును' అని ఏడో మాట. మూడోది ఉండమంటాది, ఏడోది పొమ్మంటాది."

"మరి నువ్వేటి సేత్తావు?"

"అదే తెల్దు."

ఇతరుల మరణవార్తను సైతము గొంతు వడఁకకుండఁ జదువఁగలిగిన మగఁడు తన బ్రదుకును గూర్చిన యొక్క కాకితమును జదువలేక యుప్పుగాలిలోఁ జెమటలు గ్రక్కుచుండుటఁ జూచుచుండఁగా నామె యల్లుచున్న యాకు చేతిలోనే తెగెను.

అమావాస్యకు రెండుదినములు ముందు నూకన్న యెవ్వరితోడను జెప్పక యంచెదారుకడకుం బోయి పత్రముపై వ్రాలు చేసి వచ్చెను. తక్కిన నలువురు వానిపై మండిపడిరి. తవిటినాయుఁడు మాత్రము చావడివెనుకఁ గూలఁబడియున్న వానిచెంతకుం బోయి "ఎందుకు సేసినావు బావా?" అని మెల్లన నడిగెను.

"ఈ కాలితో నన్నింకెవుడు పన్లో ఎట్టుకుంతాడు? సంతకం సెయ్యకపోతే పొమ్మంటారన్నారు. సేత్తే ఏటౌతాదో తెల్దు. రెండూ తెల్నప్పుడు దగ్గిరున్నదానికే బెదిరిపోనాను" అని నూకన్న తల వంచుకొనెను.

అమావాస్యనాఁడు తక్కిన యేవురును దివాణమునకుం బోయిరి. సంస్థానపు దివాను సోమయాజులు పంతులు గొప్ప విద్వాంసుఁడు. ఆతఁడు వారిం జూచి వ్రాలు చేయుటకై వచ్చిరని తలంచి కలమును ముందునకుఁ ద్రోసెను. తవిటినాయుఁడు కలమును ముట్టక పత్రమును బల్లపై నుంచి చేతులు గట్టుకొని నిలిచి యిట్లు విన్నవించెను.

"బాబూ, నాను సెయ్యనని రానేదు. సేత్తాననీ రానేదు. తమరిది సదివి దీనర్థం ఇదీ అని ఒక్కపాలి నోటితో సెప్పండి. తెలిసినాక సేత్తానో మాన్తానో సెప్తాను."

దివాను చిఱునవ్వుతోఁ బత్రము నందుకొని ధారాళముగాఁ జదువ నారంభించెను. మూఁడవ నియమమును దాఁటెను. ఏడవ నియమముకడ నాతని స్వరము మందగించెను. తిరిగి మూఁడవదానికిం బోయెను. మఱల నేడవదానికి వచ్చెను. చిఱునవ్వు మాయమై కనుబొమలు ముడివడెను. పత్రము రచించిన వ్రాయసకానిఁ బిలిపింపఁగా వాఁడు వినయమున వంగి "మూఁడవది యుత్తరపు సంస్థానమువారి పత్రమునుండియు నేడవది దక్షిణపు సంస్థానమువారి పత్రమునుండియు దిగవ్రాసితిని. రెండును మంచివిగానే తోఁచినవి" యని చెప్పెను.

దివాను పత్రమును మడిచి ప్రక్కకుఁ ద్రోసి "పత్రము మఱల విచారింపఁబడును. అంతదాఁక వ్రాలు చేయనివారు ప్రాఁతవాడుకనే యుందురు. చేసినవాఁడు చేసినదానికి లోఁబడియుండును" అని తీర్పు చెప్పెను.

ఏవురును బయటికి వచ్చిరి. గెలిచితిమో యోడితిమో వారికిఁ దెలియలేదు. ఒకఁడు నవ్వఁబోయి తక్కినవారి మొగములు చూచి మానుకొనెను.

ఆ తీర్పున కర్థ మాదివారమునాఁడు తేటపడెను. పొగయోడ తెచ్చిన టపా యంతయు నార్వురును బంచవలసినది యొక్క నూకన్న వీఁపుపైఁ బడెను. ఆఱుత్రోవల యుత్తరములు గూరిన సంచి వానిని ముందునకు వంచుచుండ వాచిన మోఁకాలిని జేతఁ బట్టుకొని పదియడుగుల కొకమాఱు నిలుచుచు నతఁడు రేవువీథిం బోవుచుండెను. అరుఁగుపైనున్న తవిటినాయుఁ డది చూచి దిగ్గున లేచి యెదురేఁగి సంచిపైఁ జేయి వేయఁబోయెను.

నూకన్న వెనుకకుం జరిగెను. "ముట్టకు బావా. నువ్వు ముడితే రేపు సంతకం సేసినట్టే అంటారు. మిగతా నలుగురూ నీ మొకం సూడరు. ఆదోరం మీకు మిగిలినాది. ఉంచుకోండి."

తవిటినాయుని చేయి యట్లే గాలిలో నిలిచిపోయెను. మోసెనేని తన పోరాటము నంతటిని దన చేతులతోడనే పాతిపెట్టినట్లగును. మోయఁడేని నా ముదుసలి మూఁడవవీథి చేరకమున్నే కూలును. ఒకయడుగు ముందునకు వైచెను. మరల వెనుకకుఁ దీసెను. సంచిని గాని స్నేహితుని గాని చూడఁజాలక నేలను జూచుచుండెను.

అంతలో నసిరితల్లి చేతి తడి కొంగునఁ దుడుచుకొనుచు వీథిలోనికి వచ్చెను.

"అన్నా, ఆ కాగితంలో నా పేరున్నాదా?"

"నీ పేరేటి సెల్లీ?"

"నేదు గదా. నాకు సంస్థానంతో సంతకమూ నేదు, కొలువూ నేదు. నన్నెవుడు తీసేత్తాడు? ఇలా తే."

ఆమె కొంగును జుట్టగాఁ జుట్టి తలపై నిడుకొని వలదు వలదని నూకన్న యనుచుండఁగనే సంచిని లాగికొని తల కెత్తుకొనెను. దినమునకు నూఱుతట్టల యుప్పు మోయు నా శిరస్సునకుఁ గాకితము లొక బరువా? ఆమె నిటారుగా ముందు నడచెను. నూకన్న వెనుక నడచెను. తవిటినాయుఁడు చేతులు రెండును వీఁపువెనుకఁ గట్టుకొని యేమి చేయుచున్నానో తనకే తెలియనివాఁడై వారి ప్రక్కను నడచెను.

వీథులవారు వాకిళ్లకు వచ్చి చూచిరి. ఉత్తరముల కెదురుచూచుచున్న వర్తకులు కుంటుచు వచ్చి యుత్తర మిచ్చు వృద్ధునిఁ జూచి తలపై సంచితో నిలిచిన యాఁడుదానిఁ జూచి వట్టిచేతులతో నిలిచిన బంట్రోతును జూచి యెవ్వరిని నేమడుగవలయునో తెలియక యుత్తర మందుకొని విప్పకయే లోనికిం బోయిరి. కడపట దివానుగారి లోఁగిలి వచ్చెను. ఉయ్యెలపైఁ గూర్చున్న సోమయాజులు పంతులు దిగివచ్చి "నీ వెవతెవు? ఏ యధికారమున సంస్థానపు టపా మోయుచున్నావు?" అని గద్దించెను.

అసిరితల్లి సంచిని దింపలేదు. "ఏ అధికారమూ నేదు బాబూ. మా అన్న మొయ్యలేకపోతన్నాడు, మొత్తన్నాను. తప్పైతే ఏ కాగితం పెకారం తప్పో సెప్పండి, దింపేత్తాను."

దివానున కే నియమమును జ్ఞప్తికి రాలేదు. ఆతఁడు తవిటినాయునివంకకుఁ దిరిగి "వ్రాలు చేయని నీ వెందులకు వచ్చితివి?" అనెను.

"నా ఆడదానితో వచ్చినాను బాబూ. ఇయ్యాల ఆదోరం."

దివాను తన యుత్తరమును దీసికొని లోనికిం బోయెను.

మఱి రెండాదివారము లట్లే గడచెను. మూఁడవ శనివారమునాఁడు వర్తకులలోఁ గొందఱు సోమవారమునఁ బంచినను దమ కేమియు నడ్డులేదని యంచెదారుతోఁ జెప్పిరని వినికిడి. దివానే చెప్పించెనని వేఱొక వినికిడి. నిజ మెవ్వరికిని దెలియదు. మఱునాఁడు వేకువన నూకన్న టపాచావడికిం బోవునప్పటికిఁ దలుపునకుఁ దాళము వేసియుండెను. అంచెదారు రాలేదు. సంచియు లేదు. తలుపుపై నే యుత్తరువు నంటింపఁబడియుండలేదు. ఇలు సేరినచో రాకపోయితి వందురేమో యని భయపడి నూకన్న మెట్లపైఁ గూర్చుండెను. కొంతసేపటికిఁ దవిటినాయుఁడు వచ్చి తాళమును జూచి తానును బ్రక్కనే కూర్చుండెను.

"బావా, ఇది సెలవేనంటావా?" అని నూకన్న యడిగెను.

"తెల్దు బావా."

"ఆ కాగితం కొట్టేసినారంటావా?"

"అదీ తెల్దు."

ఎండ మెట్టుమీఁదనుండి మెట్టుమీఁదికి దిగుచుండెను. ఇరువురును జేతు లొడిలో నుంచుకొని యెవ్వరో పిలుతురని యెదురుచూచువారివలె మూసిన తలుపు వంకనే చూచుచుండిరి. ఇంతలో నసిరితల్లి వారిని వెదకికొనుచు వచ్చెను. ఆమె తలుపువంకఁ జూడలేదు. నీడగల మెట్టొకటి యెంచుకొని కొంగు పఱచుకొని మేను వాల్చి నిమిషములో నిదురపోయెను. పట్టపగలు కన్ను మూసి యెఱుఁగని యా దేహము గాఢనిద్రామగ్నమై సముద్రపుగాలికి ముంగురులు చెదరుచుండఁ బ్రశాంతముగాఁ బడియుండెను. ఆమెను జూచి యా పురుషు లిరువురును దమ సందేహములు తీఱకయే గొంతులు తగ్గించిరి.