ఖాళీ గంట

బట్టలన్నీ వాషింగ్ మెషీన్లో కుక్కి, గది తలుపు దగ్గరగా వేసి, లెక్చరరమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "సంభావ్యత అంటే ఏమిటంటే..." అని మొదలుపెట్టిందో లేదో, వంటింట్లోంచి అత్తగారి గొంతు. "అమ్మాయ్, ఖాళీయేనా?"

ఖాళీయే మరి. టైమ్‌టేబుల్లోనే అలా అచ్చయింది. యూనివర్సిటీలో హాళ్ళు చాలక ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టారు. సగం పాఠాలు వీడియోలు చేసి పెట్టాలి, పిల్లలు వాటిని చూసుకుని వస్తే మిగతా సగం క్లాసులో లెక్కలు చేయించాలి. పద్ధతి మంచిదే, ఆమెకు నచ్చింది కూడా. పోయినేడాదంతా నోరు విప్పని పిల్లలు ఇప్పుడు బోర్డు దగ్గరికొచ్చి వాదిస్తున్నారు. ఎటొచ్చీ వీడియో గంటకు హాలు అక్కర్లేదు కనుక గుమాస్తా ఆ గడిలో 'ఖాళీ' అని కొట్టాడు. ఖాళీగా ఉండేది హాలు మహాశయా, నేను కాదు అని ఎవరితో మొరపెట్టుకుంటుంది? పైగా ఆ కాగితాన్ని తనే ఫ్రిజ్‌కి అంటించింది, బుద్ధితక్కువై. అప్పట్నుంచి గ్యాసు బండ, మెకానిక్, అత్తగారి కంటి డాక్టరు, అందరూ బుధవారం పదకొండింటికే. "ఇంట్లోనే ఉంటావుగా, నోటితో చెప్పే పనేగా," అంటాడు భర్త. ఆయనదీ ఇంటి నుంచి చేసే ఉద్యోగమే. కాకపోతే ఆయన గది తలుపు వేస్తే అది ఆఫీసు. చెడ్డవాడేం కాదు. తన వస్తువులు తనకు కనబడవు, అంతే.

ఇప్పుడు హెడ్డుగారి కన్నూ ఆ గడి మీద పడింది. "ఎలాగూ ఖాళీయే కదమ్మా, వచ్చే వారం నుంచి ఇంకో సెక్షన్ తీసుకోండి," అన్నారు. అంటే ఇంకో అరవైమంది. ఇప్పటికే కూర పొయ్యి మీద పెట్టి ప్రశ్నపత్రం రాస్తోంది. ఇదీ నెత్తిన పడితే పాఠం చెప్పడంలో ఉన్న సంతోషం కాస్తా ఆవిరైపోతుందని ఆమెకు దిగులు పట్టుకుంది.

గురువారం క్లాసులో పిల్లల ప్రాజెక్టులు. ఏదైనా ఒక విషయం మీద లెక్కలు సేకరించి సగటు కట్టమని తనే చెప్పింది. హెడ్డుగారు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పొడుగు జడ పిల్ల ఒకతె లేచి, "మేం మేడంగారి వీడియోలు పదకొండు తీసుకున్నాం," అంది. లెక్చరరమ్మ గతుక్కుమంది.

"పాఠం నలభై నిమిషాలే సార్. కానీ మేడం వెనక గోడగడియారం కనిపిస్తోంది. మొదలుపెట్టేటప్పుడు పదకొండు, అయ్యేసరికి ఒంటిగంట దాటుతోంది. సగటున రెండు గంటల పది నిమిషాలు. మధ్యలో రికార్డింగు ఆపేముందు వినబడిన పిలుపులు మొత్తం అరవై నాలుగు. మగగొంతు పిలుపులన్నిటికీ చివరి మాట 'ఎక్కడ'. ఒక్కసారి మాత్రం 'ఏదీ'."

క్లాసు గొల్లుమంది. లెక్చరరమ్మకూ నవ్వు ఆగలేదు. సిగ్గుతో చితికిపోవాల్సింది, పోలేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె గంటల్ని కూర్చుని లెక్కపెట్టినవాళ్ళు వీళ్ళే. కళ్ళు తుడుచుకుని నూటికి నూరు వేసింది.

"బాగానే చేశారు గానీ, అది మీ ఇంటి సంగతమ్మా," అన్నారు హెడ్డుగారు గుమ్మం దగ్గర. "కాగితం మీద ఖాళీయేగా."

"అయితే ఖాళీగానే ఉంటాను సార్. వీడియోలు మానేస్తాను. హాలు ఇప్పించండి, ఆ పాఠాలూ అక్కడే చెబుతాను."

"హాలు ఎక్కడమ్మా?"

జడపిల్ల కిసుక్కున నవ్వింది. హెడ్డుగారు దగ్గి, గుమాస్తాని పిలిపించి, ఆ గడిలో 'బోధన' అని మార్చమన్నారు. రెండో సెక్షన్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇదే అదనని ఆమె రికార్డింగుకు స్టాఫ్‌రూం పక్క చిన్నగది తాళంచెవి కూడా పుచ్చుకుంది.

సాయంత్రం భర్త తన గదిలోంచి తల బయటపెట్టి, "బుధవారం పదకొండుకి ప్లంబరొస్తాడు, చూసుకో," అన్నాడు.

"నాకు క్లాసుంది. ఇక మీదట వీడియోలు యూనివర్సిటీలోనే చేస్తాను."

ఆయన నిజంగానే అయోమయంలో పడ్డాడు. "మరి తలుపెవరు తీస్తారు?"

ఆయన అడిగినవాటన్నిటికీ ఇన్నేళ్ళూ అడిగిన మరుక్షణం జవాబు అందించింది. ఈ ఒక్క లెక్కా ఆయన్నే చేసుకోనిచ్చింది.